ఫ్రిజ్‌ల కంపెనీ మూతపడ్డది, తమ్మునితోని రాజీనామా రాపిస్తున్నరు, సంతకం పెట్టాల్నా?

ధర్మాబాద్ అక్క:
మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా తమ్ముడు పుణె దిక్కు వేరే బ్రాండ్లకు ఫ్రిజ్‌లు చేసిచ్చే కంపెనీల 9 ఏండ్ల సంది ఉన్నడు, డోర్లకు గ్యాస్కెట్ (రబ్బరు పట్టీ) ఎక్కించే లైన్ల, పర్మనెంటే. మూడు నెల్ల జీతం ఆగింది, ఇప్పుడు గేటుకు మరాఠీల నోటీసు అంటించిన్రు, ఒక్కొక్కల్ని లోపలికి పిలిచి సొంత కారణాలతోని మానేస్తున్న అని రాసియ్యిమంటున్నరట, రాసిస్తే రెండు నెల్ల జీతం చేతుల పెడ్తరట. కంపెనీ ఎన్‌సీఎల్‌టీకి పోయిందని కూడ అంటున్నరు, అదేందో మాకు సమజైత లేదు.

రాజురా అన్న:
పెట్టొద్దు అక్కా. మూసేసినందుకు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం వస్తది, రాజీనామా రాసిస్తే అది పాయె. గ్రాట్యుటీ ఎట్లైనా రావాలె, 5 ఏండ్లు దాటింది కదా. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకోన్రి, 26తోని భాగించి 15తోని గుణిస్తే 7,500, 9 ఏండ్లకు 67,500. ఎన్‌సీఎల్‌టీ అంటే అప్పులు కట్టలేని కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్, ఆ ముచ్చట నిజమైతే కంపెనీని, బాకీల లెక్కను చూసేతందుకు రిజల్యూషన్ ప్రొఫెషనల్ అని ఒకాయనను పెడ్తరు, పేపర్ల ప్రకటన వస్తది, అండ్ల చెప్పిన తారీఖు లోపట ఫారం-డిల బాకీ అంత రాసి పంపాలె. జీతం స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ ఇప్పుడే తీసి పెట్టుకోమనున్రి.

కిన్వట్ పోరడు:
ఫారాలు నింపుడు సరే గని పైసలెప్పుడొస్తయ్? టీవీలు, ఫ్రిజ్‌లు చేసే వీడియోకాన్ 2018ల ఎన్‌సీఎల్‌టీకి పోయింది, 2021ల వేదాంతోళ్ల ట్విన్ స్టార్ 2,962 కోట్లకు కొంటమంటే సరే అన్నరు, 2022 జనవరిల పై ట్రిబ్యునల్ కొట్టేసింది. బ్యాంకులకే దిక్కు లేకపాయె. నేనైతే ఇచ్చింది తీస్కొని వేరే పని చూస్కుంట. నేను ఠేకేదార్ (కాంట్రాక్టర్) కింద చేసినోన్ని, మాకు నోటీసు కూడ లేదు, ఒక పొద్దున పంచింగ్ కార్డు పని చెయ్యలే, గంతే.

రాజురా అన్న:
తమ్మీ, ఆ రెండు నెల్లు ఎవరియి? ఆగిన మూడు నెల్లల్లయే కదా, ఆయన పైసలు ఆయనకే ఇచ్చి రాజీనామా గుంజుకుంటున్నరు. లిక్విడేషన్ అయినా సరే, అంటే కంపెనీ ఆస్తులమ్మి బాకీలు కట్టుడు, ఆఖరి 24 నెల్ల కార్మికుల బాకీ తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతోని సమానంగ ఉంటది, పీఎఫ్ పైసలను ముట్టనియ్యరు. ఎప్పుడొస్తదో చెప్పలేం, అది నిజమే. నీకు ఠేకేదార్ జీతం ఎగ్గొడితే కంపెనీయే కట్టాలె, అడిగినవా?

కిన్వట్ పోరడు:
ఠేకేదార్ ఫోనే ఎత్తడు. కంపెనీని అడగొచ్చని ఎవ్వరు చెప్పలే.

ధర్మాబాద్ అక్క:
ఫోన్ చేసిన, ఇంక పెట్టలేదట. లైన్ల 40 మంది దాంక పెట్టేసిన్రట, భయమైతుందంటుండు. నోటీసు ఫొటో తీసి పంపుమన్న. అన్నా, ఆ ఫారం మరాఠీల రాయొచ్చా, ఇంగ్లీషుల్నే రాయాల్నా?