ఓవర్, హైపర్, సూపర్, అల్ట్రా: అన్నిటికీ అర్థం 'ఎక్కువ' అనేనా?

నిద్రలేని_చదువరి
పోటీ పరీక్షకి వొకాబులరీ చదువుతున్నా. ఏ పుస్తకం తీసినా ఓవర్, హైపర్, సూపర్, అల్ట్రా అన్నిటినీ ఒకే వరసలో పెట్టి పక్కన 'ఎక్కువ, మితిమీరిన, పైన' అని రాసి వదిలేస్తున్నారు. ఓవర్‌ఈట్ అంటే మితిమీరి తినడం, సరే. మరి ఓవర్‌లుక్ అంటే తెగ చూడడం అవ్వాలి కదా, తీరా అర్థం చూస్తే అసలు గమనించకపోవడం! ఓవర్‌కమ్‌లో 'ఎక్కువ' ఎక్కడుంది? బీపీని హైపర్‌టెన్షన్ అంటారు, ఓవర్‌టెన్షన్ అని ఎందుకనరు? దీనికేమన్నా లాజిక్ ఉందా, బట్టీ కొట్టడమే గతా?

పదాలమూట
లాజిక్ ఉందండీ. ఓవర్‌కి మొదటి నుంచీ ఉన్న అర్థం 'పైన, మీదుగా'. హద్దు దాటి పైకి పోయిందన్న భావంతో 'మితిమీరి' తర్వాత పుట్టుకొచ్చింది, ఇప్పుడు రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి, గొడవంతా దానివల్లే. ఓవర్‌కోట్, ఓవర్‌హెడ్, ఓవర్‌ల్యాప్‌లలో ఉన్నది 'మీద'. ఓవర్‌టేక్, ఓవర్‌కమ్, ఓవర్‌త్రో అనేవాటిలో దాటిపోవడం, పైచేయి సాధించడం. ఓవర్‌లుక్ కూడా ఈ బాపతే, చూపు దాని మీదుగా పోయింది గానీ దాని మీద నిలవలేదు. అదే మాట గది కిటికీ గురించి వాడితే పైనుంచి తోటో సముద్రమో కనబడుతుందని అర్థం.

ఓ చిట్కా చెప్తా. ఓవర్ తీసి అండర్ పెట్టి చూడండి. ఓవర్‌పెయిడ్‌కి అండర్‌పెయిడ్, ఓవర్‌కుక్డ్‌కి అండర్‌కుక్డ్, ఇలా సరిగ్గా వ్యతిరేకార్థం వస్తే అది 'మితిమీరిన' ఓవరే. ఓవర్‌టేక్‌ని అండర్‌టేక్ చేస్తే ఏదో పని నెత్తినేసుకోవడం అవుతుంది, సంబంధమే లేదు. ఓవర్‌స్లీప్, ఓవర్‌జాయ్డ్ లాంటివి ఈ చిట్కాకి లొంగవు, వాటిని బట్టీ కొట్టాల్సిందే.

నైట్‌డ్యూటీ
హైపర్ సంగతి నేను చెప్తా, రోజూ దాంతోనే పని. ఓవర్ అచ్చ ఇంగ్లీషు, సూపర్ లాటిన్, హైపర్ గ్రీకు. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే, సంస్కృతంలోని 'ఉపరి' కూడా వాటికి బంధువే. వైద్యంలో పేర్లు చాలావరకు గ్రీకు మీద కట్టారు కాబట్టి అక్కడ హైపర్‌దే రాజ్యం. కొలత మామూలు కన్నా పైన ఉందని చెప్పి ఊరుకుంటుంది. ఓవర్‌లో అయితే 'అంత అక్కర్లేదు' అన్న విసుగు కూడా కలుస్తుంది. చిన్న మాటకే నొచ్చుకునే మనిషిని ఓవర్‌సెన్సిటివ్ అంటాం, అదే డాక్టరు ఏదైనా మందు పక్కన హైపర్‌సెన్సిటివిటీ అని రాస్తే అది ఒంటికి పడదని హెచ్చరిక. హైపర్‌టెన్షన్‌లోని టెన్షన్ కూడా మనం పడే టెన్షన్ కాదు, రక్తనాళాల్లో ఒత్తిడి. బీపీ మళ్లీ మళ్లీ చూసినా 140/90 గానీ ఆపైన గానీ ఉంటే సాధారణంగా ఆ పేరు పెడతారు, ఎంత నిమ్మళంగా ఉండే మనిషికైనా రావచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది హైపో దగ్గర. అది 'తక్కువ, కింద'. హైపర్‌గ్లైసీమియా అంటే షుగర్ పెరగడం, హైపోగ్లైసీమియా అంటే పడిపోవడం. ఫోన్లో గబగబా చెబితే రెండూ ఒకేలా వినబడతాయి, పడిపోయిన షుగర్‌కి పొరపాటున ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మేం డ్యూటీ మారేటప్పుడు 'షుగర్ ఎక్కువ', 'షుగర్ తక్కువ' అని విడమరిచే చెప్పుకుంటాం.

గోడమీదపిల్లి
మనం 'ఓవర్ చేయకు' అంటాం చూడండి, ఆ ఓవర్ పూర్తిగా మన సొత్తు. పరీక్ష పేపర్లో ఓవర్‌యాక్షన్ అని రాసేరు, ఇంగ్లీషువాళ్లు దాన్ని ఓవర్‌యాక్టింగ్ అంటారు. సూపర్ కూడా మనకి మెచ్చుకోలే. సూపర్‌ఫ్లుయస్ చూసి ఏదో గొప్పదనుకుంటే గల్లంతే, దాని అర్థం అక్కర్లేనంతగా పొర్లిపోయినది అని.

సగంఫిజిక్స్
అల్ట్రాని ఎవరూ ముట్టుకోలేదేం? దాని అసలు అర్థం 'అవతల'. అల్ట్రావయొలెట్ అంటే ఊదా రంగుకి అవతల ఉండి కంటికి ఆననిది. అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి అందే హద్దు, సుమారు 20,000 హెర్ట్జ్, దాటిన ధ్వని. చాలామంది దీన్ని సూపర్‌సోనిక్‌తో కలిపేస్తారు గానీ అది వేగానికి సంబంధించినది, ధ్వని కన్నా వేగంగా పోయేది. మ్యాక్ 5, అంటే ధ్వని వేగానికి అయిదు రెట్లు, దాటితే హైపర్‌సోనిక్. డిక్షనరీలో రెండింటికీ 'పైన' అనే ఉన్నా, ఇక్కడ మాత్రం సూపర్ కన్నా హైపర్ ఓ మెట్టు ఎక్కువన్నమాట.

నిద్రలేని_చదువరి
అందరికీ థాంక్స్, అండర్ చిట్కా బాగా పనిచేస్తోంది. ఓవర్‌సైట్ దగ్గర మాత్రం ఆగిపోయా. ఒక చోట పర్యవేక్షణ అని ఉంది, ఇంకో చోట పొరపాటు అని. రెండూ కరెక్టేనా? హైఫన్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి.

పదాలమూట
రెండూ కరెక్టే. ఓవర్‌సీ వైపు నుంచి చూస్తే పర్యవేక్షణ, ఓవర్‌లుక్ వైపు నుంచి చూస్తే పొరపాటు. ముందు 'ఏన్' అనే ఆర్టికల్ ఉంటే సాధారణంగా పొరపాటే, కమిటీ లాంటి మాట పక్కనుంటే పర్యవేక్షణ. హైఫన్ మామూలుగా అక్కర్లేదు, కలిపే రాసేయండి. మార్కులు పోయేది స్పెల్లింగులో. ఓవర్‌రూల్, ఓవర్‌రియాక్ట్, ఓవర్‌రేటెడ్‌లలో ఓవర్ చివర ఒక 'ఆర్', తర్వాతి మాట మొదట్లో ఇంకో 'ఆర్', రెండూ ఉండాలి. పలికేటప్పుడు ఒకటే వినబడుతుంది కాబట్టి సగం మంది రెండోది మింగేస్తారు.