అన్నయ్య పోయి పదకొండు నెలలు, నాన్న నోరు విప్పడం లేదు. ఇలాంటిది చూసినవాళ్ళు ఏం చేశారో చెప్పండి

కృష్ణలంక తమ్ముడు:
నమస్తే అండీ. మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్లో లేత్ వర్క్‌షాపు ఉంది. అన్నయ్య, నేను ఇద్దరం అక్కడే పని నేర్చుకున్నాం. పోయినేడాది ఒకరోజు పొద్దున షాపుకి బయల్దేరుతూ అన్నయ్య ఛాతీలో ఏదోలా ఉందన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది. 34 ఏళ్ళు వాడికి. వదిన, నాలుగేళ్ళ పాప ఉన్నారు.

పెద్దకర్మ అయిన మూడో రోజే నాన్న షాపు తెరిచారు. ఏడవలేదు. వాడి ఊసే ఎత్తరు, ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతారు. మమ్మల్ని చిన్నప్పట్నుంచీ పేర్లు పెట్టి పిలిచింది లేదు, వాడు పెద్దోడు, నేను చిన్నోడు, అంతే. ఇప్పుడు నన్ను చిన్నోడా అనడం మానేశారు. ఒరేయ్ అంటారు, లేకపోతే ఏమీ అనకుండా పక్కకొచ్చి నిలబడతారు. ఇన్నాళ్ళూ నేను గమనించుకోలేదు. చిన్నోడు అనాలంటే ఇంట్లో ఇంకో పెద్దోడు ఉండాలి కదా, అందుకేనేమో అని మొన్న రాత్రి తట్టింది. ఇక నిద్ర పట్టలేదు.

ఇంకోటి, అన్నయ్య బండి. వరండాలో ఉంటుంది. రోజూ ఆరింటికి నాన్న దాన్ని స్టార్ట్ చేసి రెండు నిమిషాలు అలా ఉంచుతారు, ఎక్కడికీ తీసుకెళ్ళరు. ఆపేసి, ట్యాంకు గుడ్డతో తుడిచి లోపలికొస్తారు. ఎందుకు నాన్నా అంటే బ్యాటరీ పోతుంది అంటారు. ఆ శబ్దానికి వంటింట్లో అమ్మ చేతిలో పని వదిలేసి అలా నిలబడిపోతుంది. బండి అమ్మెయ్యండ్రా అని మా మేనమామ గొడవ.

వచ్చే నెల సంవత్సరీకం. వదిన పాపని తీసుకుని తెనాలి, వాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. బ్యాంకులో అన్నయ్య డిపాజిట్‌కి నామినీ అమ్మ, పెళ్ళికి ముందు వేసింది. దాని గురించి చుట్టాలు తలా ఒక మాట అన్నారు. ఎవరం పోట్లాడుకోలేదు గానీ ఫోన్లు తగ్గిపోయాయి. బండి అమ్మేయాలా, నాన్నని ఎలాగైనా మాట్లాడించాలా, ఏమీ తెలియట్లేదు.

భవానీపురం 520012:
చాలా బాధగా ఉంది బ్రదర్. మీ మావయ్య చెప్పిందే కరెక్ట్ అనిపిస్తోంది. బండి, బట్టలు కళ్ళముందు ఉన్నంతకాలం మనిషి కోలుకోడు. మా ఇంట్లో అన్నీ నెలలోపే ఇచ్చేశాం. కాలమే మరిపిస్తుంది.

యార్డు బాబాయ్, గుంటూరు:
బాబూ, నేను టైపు చేయలేను, చెబుతుంటే మా అమ్మాయి కొడుతోంది. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం మాది. మా అబ్బాయి బండి యాక్సిడెంట్లో పోయి తొమ్మిదేళ్ళు. పైన కాలం మరిపిస్తుందని రాసినాయన మంచికే రాశారు, కానీ నాకు అలా జరగలేదు, అది ముందే చెబుతున్నా.

నువ్వు మీ నాన్న గురించి రాసింది చదివి వినిపిస్తుంటే నన్నే చూసినట్టుంది. నేను కూడా పన్నెండో రోజు అయ్యాక యార్డుకి వెళ్ళిపోయాను. మనిషి గుండె రాయిరా అన్నారు వెనకాల. మా ఇంట్లో ఆవిడ అప్పటికి అన్నం ముట్టట్లేదు. నేను నోరు తెరిచి వాడి పేరెత్తితే ఆవిడ అక్కడే పడిపోతుందని భయం. ఆవిడకేమో, ఈయనకి కొడుకు గుర్తే లేడని బాధ. ఈ సంగతి ఇద్దరికీ తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

యార్డులో ఒక సౌకర్యం ఉంది బాబూ. తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, విప్పి కుప్ప పోస్తే ఆ ఘాటుకి అందరి కళ్ళూ కారతాయి. కండువాతో తుడుచుకుంటుంటే ఏమైందని ఎవరూ అడగరు. నేను రెండేళ్ళు అక్కడే ఏడ్చాను. యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు చూడు, ఆ నెల్లాళ్ళూ నాకు నరకం. ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. మీ నాన్నకి ఆ లేత్ మిషన్ చప్పుడే ఆసరా అయ్యుంటుంది. షాపు మాన్పించకండి.

బండి మాత్రం అమ్మొద్దు. అమ్మాలనిపిస్తే ఆయనే అమ్ముతాడు. మా బావమరిది నాకు చెప్పకుండా మావాడి పుస్తకాలు, చెప్పులు పంచిపెట్టేశాడు, మంచి మనసుతోనే చేశాడు, కానీ ఆ చెప్పుల కోసం నేను ఎన్నాళ్ళు వెతుక్కున్నానో ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

కృష్ణలంక తమ్ముడు:
బాబాయ్ గారూ, రెండుసార్లు చదివాను. అమ్మ భయం, నాన్న భయం గురించి మీరు చెప్పింది మా ఇంట్లో కూడా అంతే అయ్యుండొచ్చు, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. చెల్లెమ్మకి కూడా థాంక్స్, ఓపిగ్గా రాసినందుకు.

బ్రాడీపేట పిన్ని:
31 ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. ఆ డిపాజిట్ సంగతి సంవత్సరీకంలోపే తేల్చుకోండి నాయనా. డబ్బు మీద ఆశ లేని ఇళ్ళల్లో కూడా, మాట్లాడుకోకపోవడం వల్లే ఇలాంటివి పెద్ద పగలవుతాయి, కౌంటర్లో కూర్చుని ఎన్ని చూశానో.

నామినీ అంటే బ్యాంకు ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో ఆ మనిషి. అంతమాత్రాన ఆ డబ్బు ఆవిడదైపోదు. మీ అన్నయ్య వీలునామా రాసి ఉండకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత సంపాదన భార్యకి, పిల్లలకి, తల్లికి సమానంగా వెళ్తుంది. అంటే మీ ఇంట్లో మూడు వాటాలు, అమ్మగారికి ఒకటి, వదినకి ఒకటి, పాపకి ఒకటి. తండ్రికి ఈ మొదటి వరసలో వాటా లేదు. చాలామంది తండ్రులకి ఈ ముక్క నేను చెప్పాల్సి వచ్చింది, ఒకాయన అయితే "నాకు డబ్బు అక్కర్లేదమ్మా, కానీ వాడికి నేనేమీ కానా" అన్నాడు. అందుకని ఈ మాట మీ నాన్నకి బ్యాంకులో బయటివాళ్ళు చెప్పకముందే మీరు మెల్లిగా ఇంట్లో చెప్పండి.

అమ్మగారు తన వాటా పాపకే ఇస్తానంటే అది ఆవిడ ఇష్టం, పాప పేరు మీద డిపాజిట్ వేయించండి. సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చేయకపోతే వెంటనే చేయండి, ప్రతిచోటా అదే అడుగుతారు. అన్నయ్య పాస్‌బుక్‌లో మే నెలాఖరు, జూన్ మొదట్లో 436 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అలా ఉంటే అది జీవన జ్యోతి బీమా ప్రీమియం, 2 లక్షలు వస్తాయి, గుండెపోటు అయినా వస్తాయి. 20 రూపాయలు కట్ అయితే అది యాక్సిడెంట్‌కి మాత్రమే.

సింగ్‌నగర్ అమ్మ:
మా బాబు 2019లో జ్వరంతో పోయాడు, ఎనిమిదో తరగతి. వాడి యూనిఫాం, బొమ్మలేసిన నోటుపుస్తకాలు, ఫొటోలు అన్నీ ఒక ట్రంకుపెట్టెలో పెట్టి మంచం కింద దాచుకున్నాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వచ్చింది. మాది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్ళు పీకలదాకా వస్తుంటే మా ఆయన నన్ను పైఇంటి వాళ్ళ మెట్ల మీదకి లాగేశారు, నేను పెట్టె పెట్టె అని అరుస్తూనే ఉన్నాను. నీళ్ళు తీశాక చూస్తే ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, విడదీస్తే బొమ్మ ఊడి చేతికొచ్చింది. యూనిఫాం చొక్కాకి జేబు దాకా బురద. అది మాత్రం ఉతికి ఉంచుకున్నాను.

మా ఆయన కూడా బాబు గురించి మాట్లాడేవారు కాదు. ఆ వరద అయ్యాక, నాకు చెప్పకుండా, బంధువులందరి ఇళ్ళకీ తిరిగారు. ఎవరి పెళ్ళి ఆల్బమ్ ఉన్నా అడిగి చూసేవారు, ఏ మూలనైనా మావాడు పడ్డాడేమో అని. నాలుగు దొరికాయి. ఒకదాంట్లో భోజనాల బంతిలో మూడోవాడు, నోటి నిండా ముద్ద పెట్టుకుని ఉన్నాడు. దాన్నే పెద్దది చేయించి పెట్టుకున్నాం. తమ్ముడూ, మీ నాన్న మాట్లాడట్లేదని నువ్వనుకుంటున్నావు గానీ ఆ బండి స్టార్ట్ చేయడం చూస్తే నాకు అలా అనిపించలేదు.

సంగమం వాడు:
నాది దీనికి తలకిందుల కథ, రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆగాను. నేను కొడుకుని, పోయింది నాన్న. 2021 మే నెల, కరోనా. అప్పటికి ఎనిమిది నెలలుగా నాన్నతో మాటల్లేవు, నా పెళ్ళి విషయంలో. నేను బెంగళూరులో ఉన్నాను. ఆక్సిజన్ పెట్టే ముందు నాన్న ఫోన్ చేశారు, మీటింగ్‌లో ఉన్నానని ఎత్తలేదు, నిజానికి మీటింగ్ లేదు. తర్వాత ముఖం కూడా చూడనివ్వలేదు, సంచిలో చుట్టి ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అస్థికలు కలిపాను. ప్రతి మహాలయ అమావాస్యకీ అక్కడికే వెళ్తాను. 2028లో కృష్ణా పుష్కరాలకి అమ్మని కూడా తీసుకెళ్ళాలి. ఇంతకంటే రాయలేను. నాన్న నీ పక్కకొచ్చి నిలబడుతున్నారన్నావు కదా, నువ్వు లేచి వెళ్ళిపోకు, అంతే.

లక్ష్మీపురం నుంచి ఒక తల్లి:
ఇక్కడ రాయడం మొదటిసారి. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాదిలో తనంతట తనే వెళ్ళిపోయాడు. ఎలా అని దయచేసి ఎవరూ అడగొద్దు, ఆరేళ్ళుగా అందరూ అదే అడిగారు. మార్కులా, అమ్మాయా, మీరేమైనా అన్నారా. ఇంటికి పరామర్శకి వచ్చి కూడా అవే ప్రశ్నలు. ఆ కాలేజీలో చేర్పించింది మా ఆయన. ఆ మాట ఆయన్ని నేను ఒక్కసారి అన్నాను, కోపంలో. ఒక్కసారే. దానికి ఆయన ఏమీ అనలేదు.

ఆ ఏడాది పండగ చేయలేదు. మరుసటి సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకోవాలి కదా, అత్తగారికి చీర, మామగారికి పంచె తెచ్చి ఫొటోల ముందు పెడుతుంటే, మా ఆయన సంచిలోంచి ఒక జీన్స్ ప్యాంటు, చారల టీషర్టు తీశారు. 17 ఏళ్ళ పిల్లాడికి పెద్దల వరసలో బట్టలు పెట్టడం ఏంటండీ. సైజు కూడా ఒకటి పెద్దది తెచ్చారు, ఈపాటికి ఇంకొంచెం పొడుగు అయ్యుండేవాడు అన్నారు. ఆరోజు మేమిద్దరం కూర్చుని పొయ్యి వెలిగించకుండా సాయంత్రం దాకా వాడి గురించే మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత కూడా రాత్రిళ్ళు చాలా కష్టంగా ఉండేది. ఒకసారి రెండింటప్పుడు 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని ప్రభుత్వానిది, డబ్బులు ఉండవు, ఏ టైములోనైనా ఎత్తుతారు. తెలుగులోనే మాట్లాడింది ఆ అమ్మాయి. సలహాలేవీ చెప్పలేదు మొదట, వాడికి ఏం ఇష్టం అని అడిగింది. పోయాక వాడి ఇష్టాలు అడిగిన మొదటి మనిషి ఆవిడే. వాడికి గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవడం ఇష్టమని చెప్పి ఏడ్చాను.

అంతా నాన్న గురించే రాశావు బాబూ. నీ సంగతి ఎవరైనా అడిగారా?

కృష్ణలంక తమ్ముడు:
లేదమ్మా. అమ్మా నాన్నల్ని చూసుకో అని అందరూ చెప్పారు. నేను వాడితో ఒకే గదిలో 20 ఏళ్ళు పడుకున్నాను. మీరు అడిగాక బయటికెళ్ళి కరకట్ట మీద కాసేపు కూర్చుని వచ్చాను. ఆ నంబరు రాసుకున్నాను.

మంగళగిరి సహోదరి:
మేము క్రిస్టియన్స్. తమ్ముడు పోయినప్పుడు మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలయ్యాక పాస్టర్ గారు, వచ్చినవాళ్ళందరినీ వాడి గురించి తలా ఒక సంగతి చెప్పమన్నారు. టీకొట్టు ఆయన లేచి, మీవాడు నాకు 60 రూపాయలు బాకీ, అయినా పర్లేదు అన్నాడు. మా నాన్న వెంటనే లేచి జేబులోంచి తీసి ఇచ్చారు, అప్పుడు మొదటిసారి ఏడ్చారు. మీ సంవత్సరీకానికి అన్నయ్య స్నేహితుల్ని, ఆటోనగర్ వాళ్ళని కూడా పిలవండి. భోజనం పెట్టి పంపేయకుండా కాసేపు కూర్చోబెట్టండి.

కృష్ణలంక తమ్ముడు:
సంవత్సరీకం మొన్న అయ్యింది. అందరూ ఇన్ని రాశారు కాబట్టి చెప్పాలి.

బ్యాంకు విషయం పిన్నిగారు చెప్పినట్టే ముందు అమ్మకి చెప్పాను. తన వాటా కూడా పాపకే అని ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా అనేసింది, పైగా ఈ మాట నన్ను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదేం అని కోప్పడింది. తండ్రికి వాటా లేదన్న ముక్క నాన్నకి నేనే చెప్పాను. తలూపారు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా తెనాలి బస్సెక్కి వెళ్ళి వదినని, పాపని వెంటబెట్టుకుని వచ్చారు. అక్కడ ఏం మాట్లాడారని వదినని అడిగితే, ఏమీ మాట్లాడలేదు, వాళ్ళ నాన్న పక్కన గంటసేపు కూర్చున్నారు, పద తల్లీ అన్నారు అంది.

ఘాట్‌లో కార్యక్రమం అయ్యాక ఆటోనగర్ వాళ్ళు 12 మంది ఇంటికొచ్చారు. మొదట అందరూ ప్లేట్ల వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒకాయన, అన్నయ్య మొదటిసారి లేత్ మీద తిప్పిన బుష్, అంటే మిషన్లలో వేసే చిన్న గొట్టం ముక్క, కొలత తప్పి, నాన్నకి తెలియకుండా తన షాపులో దాచుకున్న సంగతి చెప్పాడు. ఆ బుష్ జేబులో తెచ్చాడు కూడా. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని గోటితో లోపలి అంచు తడిమి చూసి, "అర మిల్లీమీటరు ఎక్కువ తీశాడు" అన్నారు. ఏడాది తర్వాత వాడి గురించి ఆయన అన్న మొదటి మాట. ఎవరం ఏమీ అనలేదు. ఆ బుష్ ఇప్పుడు టీవీ మీద ఉంది.

మర్నాడు ఆరింటికి బండి స్టార్ట్ అయ్యింది. పాప లేచి కళ్ళు నులుముకుంటూ వెళ్ళి తాతా నేనూ అంది. నాన్న కాసేపు ఆగి దాన్ని ఎత్తి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. అమ్మ గుమ్మంలో ఉంది, చేతికి పిండి. బండి స్టాండు వేసి పాపని దింపుతూ, లోపలున్న నాకు వినపడేలా "చిన్నోడా, ముందు టైర్లో గాలి లేదు చూడు" అన్నారు.

వెళ్ళి చూశాను. నిజంగానే గాలి లేదు. పంపు తెచ్చి కొట్టాను.