పాత ఛార్జింగ్ కేబుళ్ళను మీటరు పెట్టి ఏరివేయడం అవసరమా, వృథా ప్రయాసా?

సొరుగునిండా:

మా ఇంట్లో ఒక సొరుగు నిండా ఛార్జింగ్ కేబుళ్ళు పేరుకుపోయాయి. లెక్కపెడితే 19 తేలాయి. వాటిలో ఏది మంచిదో, ఏది కాదో ఎవరికీ తెలియదు. చేతికి అందినది తీసి పెట్టుకోవడం, తెల్లవారేసరికి ఫోను సగమే నిండి ఉంటే ఆ కేబుల్‌ను తిట్టుకుంటూ మళ్ళీ అదే సొరుగులో పడేయడం మాకు అలవాటైపోయింది. ఈ వారం ఆ సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. ఒకే ఛార్జర్, ఒకే మీటరు, కోరినంత కరెంటు లాగే చిన్న లోడ్ పరికరం పెట్టుకుని, ప్రతి కేబుల్ గుండా 2 ఆంపియర్లు పంపి, అవతలి కొసన వోల్టేజీ ఎంత మిగిలిందో రాసుకున్నాను. కేబుల్ లేకుండా నేరుగా ఛార్జర్ దగ్గరే చూస్తే 5.12 వోల్టులు. అన్నింటిలో మంచి కేబుల్ చివర 4.83 ఉంటే, అధ్వానమైన దాని చివర 3.96 మాత్రమే మిగిలింది. 4.5 కన్నా తక్కువ చూపినవన్నీ పారేయాలని నా ఆలోచన. ఇదంతా చాదస్తమని, అన్నీ పారేసి మూడు కొత్తవి కొనుక్కుంటే సరిపోతుందని ఇంట్లోవారి అభిప్రాయం. మీరేమంటారు?

నిదానం:

మీ ఇంట్లోవారి మాటే నాకు సబబుగా తోస్తోంది. ఫోను మొద్దు వస్తువు కాదు. వోల్టేజీ తగ్గుతున్నట్టు గమనించగానే తాను లాగే కరెంటును తానే తగ్గించుకుంటుంది. రాత్రి పడుకునేముందు పెట్టి పొద్దున తీసేవారికి రెండు గంటల్లో నిండినా, నాలుగు గంటల్లో నిండినా తేడా ఏముంది? ఫోను నిండుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష. పైగా మీటరుకూ లోడ్ పరికరానికీ వాటి సొంత నిరోధం ఉంటుంది, వాటి ప్లగ్గుల దగ్గర మరికొంత పోతుంది. ఆ పొరపాట్లన్నీ కేబుల్ ఖాతాలో వేసి, బాగా పనిచేసే వాటిని కూడా చెత్తలో పడేస్తారేమోనని నా అనుమానం.

రాగితీగ:

నిదానం గారు చెప్పినదాంట్లో నిజముంది, కానీ అది పరీక్షకు అనుకూలమైన వాదనే అవుతుంది. ఫోను కరెంటును తగ్గించుకుని సర్దుకుపోతుంది కాబట్టే, కేబుల్ ఎంత చెడ్డదైనా తెర మీద "ఛార్జ్ అవుతోంది" అనే మాటే కనిపిస్తుంది. అంటే ఫోను తప్పును బయటపెట్టదు సరికదా, దాచిపెడుతుంది. దానికితోడు బ్యాటరీ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు లాగేంత కరెంటు 85 శాతం దగ్గర లాగదు, వేడెక్కితే ఇంకా తగ్గిస్తుంది. నిన్న ఒక కేబుల్‌నూ ఇవాళ మరొక కేబుల్‌నూ ఫోనుతో పోల్చి చూస్తే మనం కొలిచేది కేబుల్‌ను కాదు, ఆ పూట బ్యాటరీ ఉన్న స్థితిని.

లెక్క వేసి చూడండి. 28 గేజి రాగి తీగకు (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) మీటరు పొడవుకు సుమారు 0.213 ఓమ్ నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్ళడానికి ఒక తీగ, తిరిగి రావడానికి మరొకటి కావాలి కాబట్టి మీటరు పొడవున్న కేబుల్‌లో రెండు మీటర్ల తీగ లెక్క, అంటే 0.43 ఓమ్. 2 ఆంపియర్ల దగ్గర 0.85 వోల్టు దారిలోనే పోతుంది, 1.7 వాట్లు ఆ తీగను వేడి చేయడానికే ఖర్చవుతాయి. అదే 24 గేజి తీగ అయితే నిరోధం 0.17 ఓమ్, పోయేది 0.34 వోల్టు మాత్రమే. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఎందుకంటే లావుగా కనిపించేది తొడుగు, తీగ కాదు.

ఒకసారి నా దగ్గరున్న బొద్దుపాటి కేబుల్ ఒకటి మరీ ఎక్కువ వోల్టేజీ తింటుంటే విసుగొచ్చి కోసి చూశాను. వేలెడు లావున్న అల్లిక తొడుగు కింద మెత్తటి రబ్బరు, దాని లోపల నూలుపోగు, అంతా దాటాక తలవెంట్రుకల్లాంటి ఏడు పోగులు. ఒక పోగును బ్లేడుతో గీకితే రాగిరంగు పోయి లోపల తెల్లగా తేలింది. అల్యూమినియానికి రాగి పూత పూసిన తీగ అది. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. ఇలాంటిదాన్ని కంటితో, చేతితో పట్టుకోలేము. మీటరొక్కటే పట్టుకుంటుంది.

సందేహి:

మీరిద్దరూ నిరోధం చుట్టూనే తిరుగుతున్నారు. నిరోధం ఎక్కువైన కేబుల్ మహా అయితే నెమ్మదిగా ఛార్జ్ చేస్తుంది. పరికరాన్ని కాల్చే కేబుల్ వేరే జాతి, అది సొరుగునిండా గారి పరీక్షలో మొదటి మార్కుతో నెగ్గినా నెగ్గవచ్చు.

2015 చివరలో గూగుల్‌లో పనిచేసే బెన్సన్ లియుంగ్ అనే ఇంజనీరు ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యే యూఎస్‌బీ-సి కేబుళ్ళను ఒక్కొక్కటే కొని పరీక్షించి, ఫలితాలను బహిరంగంగా రాయడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో అలా పరీక్షిస్తున్న ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నూ, కొలత పరికరాలనూ పాడుచేసింది. విప్పి చూస్తే పవర్ తీగ ఉండాల్సిన చోట గ్రౌండ్ తీగ (కరెంటు తిరిగి వచ్చేది), గ్రౌండ్ చోట పవర్ తీగ అతికించి ఉన్నాయి. ఆ తరువాతి నెలలోనే ప్రమాణాలకు లోబడని యూఎస్‌బీ-సి కేబుళ్ళను అమ్మకూడదని అమెజాన్ నిబంధన పెట్టింది.

ఆయన ఎక్కువగా పట్టుకున్న తప్పు మరొకటి ఉంది. ఒకవైపు పాత వెడల్పాటి ప్లగ్గు, మరోవైపు సి ప్లగ్గు ఉండే కేబుళ్ళలో, సి ప్లగ్గు లోపల 56 కిలో ఓముల రెసిస్టర్ ఉండాలి. "అవతల ఉన్నది పాత పోర్టు, జాగ్రత్తగా లాగు" అని ఫోనుకు చెప్పేది అదే. కొందరు తయారీదారులు దాని బదులు 10 కిలో ఓములది పెట్టారు. ఆ విలువకు అర్థం "3 ఆంపియర్లు ఉన్నాయి, లాగు" అని. ఫోను నమ్మి లాగితే, అంత ఇవ్వలేని పాత ల్యాప్‌టాప్ పోర్టు మీదో చిన్న అడాప్టరు మీదో ఆ భారం పడుతుంది. కేబుల్ చల్లగానే ఉంటుంది, వోల్టేజీ తగ్గుదల కూడా ముచ్చటగానే ఉంటుంది. మీ 19లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మీ పట్టిక చెప్పగలదా?

నిదానం:

సందేహి గారు నా వాదనకే బలం చేకూర్చారు. అసలు ప్రమాదాన్ని పట్టుకోలేని పరీక్ష కోసం ఒక సాయంత్రమంతా ఎందుకు వెచ్చించాలి? 2021 నుంచి ధ్రువీకరణ పొందిన సి కేబుళ్ళ మీద 60 వాట్లు లేదా 240 వాట్లు అని ముద్ర ఉంటోంది. ఆ ముద్ర ఉన్నవి కొనుక్కుని పాతవి వదిలించుకుంటే ఈ రెసిస్టర్ల గొడవే ఉండదు.

రాగితీగ:

ముద్ర వేయడం ప్లాస్టిక్ మీద పని, దాన్ని ఎవరైనా వేసుకోవచ్చు. అసలైన కేబుల్‌కైనా అది కొన్న రోజుకు హామీ గానీ, రెండేళ్ళు మడతలు పడి, కుర్చీ చక్రాల కింద నలిగిన తరువాతి స్థితికి కాదు.

సందేహి గారు చెప్పిన రెసిస్టర్‌ను కొలవడం అంత కష్టమేమీ కాదు. సి ప్లగ్గులోని ప్రతి పిన్నునూ బయటికి తెచ్చే చిన్న పలకలు దొరుకుతాయి. అందులో కేబుల్‌ను పెట్టి, పాత ప్లగ్గు పవర్ పిన్నుకూ సి వైపు సీసీ పిన్నుకూ (ఎంత లాగవచ్చో ఫోనుకు చెప్పే పిన్ను అదే) మధ్య మామూలు మల్టీమీటరుతో చూస్తే 56 కిలో ఓముల దరిదాపుల్లో రావాలి. అయితే అదే మల్టీమీటరుతో తీగ నిరోధాన్ని కొలవబోవద్దు. దాని సొంత తీగలకే 0.2 ఓమ్ దాకా ఉంటుంది, ఆ గోలలో మనకు కావలసిన అంకె కొట్టుకుపోతుంది. తీగను కొలవాలంటే సొరుగునిండా గారు చేసినట్టు కరెంటు పంపి వోల్టేజీ చూడడమే సరైన దారి.

వారి పద్ధతిలో నాకున్న అభ్యంతరం ఒక్కటే. 4.5 వోల్టులన్న గీత కేబుల్‌కు గీసింది కాదు, ఛార్జర్‌కు గీసింది. ఛార్జర్ 5.2 ఇస్తే చెడ్డ కేబుల్ గట్టెక్కుతుంది, 4.9 ఇస్తే మంచిది తప్పుతుంది. రెండు అంకెల మధ్య తేడాను తీసుకుని కరెంటుతో భాగించండి. యూఎస్‌బీ-సి ప్రమాణం ప్రకారం కేబుల్‌కు నిర్దేశించిన పూర్తి కరెంటు దగ్గర పవర్ తీగలో 0.5 వోల్టు, గ్రౌండ్ తీగలో 0.25 వోల్టు మించి పోకూడదు. 3 ఆంపియర్ల కేబుల్‌కు అది రెండూ కలిపి 0.25 ఓమ్.

ఒక విషయం చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. 20 వోల్టుల దగ్గర ల్యాప్‌టాప్ ఛార్జ్ చేసేటప్పుడు 0.75 వోల్టు పోతే అది నాలుగు శాతం కూడా కాదు, ఛార్జింగ్ వేగంలో తేడా తెలియదు. కానీ వేడి వోల్టేజీని బట్టి కాక కరెంటును బట్టి పుడుతుంది కాబట్టి 3 ఆంపియర్ల దగ్గర ఆ తీగలో పుట్టే 2.25 వాట్ల వేడి 5 వోల్టులప్పుడు ఎంతో 20 వోల్టులప్పుడూ అంతే. వేగంగా ఛార్జ్ అవుతోంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకోవడం అందుకే కుదరదు.

సొరుగునిండా:

రెండు సలహాలనూ పాటించి మళ్ళీ మొదటినుంచి కొలిచాను. నిదానం గారి అనుమానం కొంతవరకు నిజమే. ఒక కేబుల్ 0.40 ఓమ్ చూపింది గానీ, ప్లగ్గును నాలుగైదుసార్లు తీసిపెడితే 0.24కు దిగింది. ఆ మకిలి కేబుల్ ప్లగ్గుకే పట్టి ఉందో, నా మీటరు పోర్టుకే పట్టి ఉందో చెప్పలేను. ఆ ఊపులో ఫోను పోర్టులోకి కూడా టార్చి వేసి చూస్తే అడుగున నొక్కుకుపోయిన జేబు నూగు కనిపించింది. పళ్ళపుల్లతో పెకలిస్తే పప్పుగింజంత ఉండ వచ్చింది. ఇన్నాళ్ళూ నేను తిట్టిన కేబుళ్ళలో సగం ఏ పాపమూ ఎరుగనివి.

అయితే మీటరు వల్ల మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. లోడ్ నడుస్తుండగా ప్రతి కేబుల్‌నూ ప్లగ్గు మెడ దగ్గర నాలుగు వైపులకూ మెల్లగా వంచాను. పదహారింటిలో అంకె కదలలేదు. మూడింటిలో 4.7 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 4.2కు పడి, వదిలితే మళ్ళీ ఎక్కింది. ఆ మూడూ నిటారుగా ఉంచినప్పుడు పరీక్షలో చక్కగా నెగ్గినవే. ఫోనుకు పెట్టినా ఎప్పుడూ అనుమానం రాలేదు.

సందేహి:

ముందు వదిలించుకోవలసినవి ఆ మూడే. మెడ దగ్గర కొన్ని పోగులు తెగి, మిగిలిన కొన్నింటి గుండానే కరెంటంతా పోతోంది. తీగ పొడవునా పరుచుకునే వేడి వేరు, ఒక్క చోట పోగుపడే వేడి వేరు. 2 ఆంపియర్ల దగ్గర అర వోల్టు అంటే ఒక వాట్, అదీ గోరంత జాగాలో. సి ప్లగ్గులో పిన్నులు అర మిల్లీమీటరు ఎడంతో ఉంటాయి, పవర్ పిన్ను పక్కనే సీసీ పిన్ను. అక్కడ ప్లాస్టిక్ కరిగి ఆ రెండూ కలిస్తే, 20 వోల్టుల ఛార్జర్ ఉన్నప్పుడు ఫోను సంగతి మరి చెప్పక్కరలేదు.

నిదానం:

వంచి చూసే పరీక్షను ఒప్పుకుంటున్నాను. కేబుల్ మెడ దగ్గరే తెగుతుందని తెలుసు గానీ, తెగుతున్నప్పుడు కూడా ఫోను మామూలుగానే ఛార్జ్ అవుతుందని ఆలోచించలేదు. అయినా 19నీ రెసిస్టర్లతో సహా కొలవాలన్నదానికి నేను రాను. రోజూ వాడేవి నాలుగు ఉంటాయి, వాటిని కొలిచి, మిగిలినవి సొరుగులోనుంచి బయటపడేయడమే నా దారి.

సొరుగునిండా:

తొమ్మిదింటిని పక్కన పెట్టాను, వాటిలో వంచితే తడబడిన మూడూ ఉన్నాయి. ఎవరూ పొరపాటున మళ్ళీ తీసి వాడకుండా వాటి ప్లగ్గులను కత్తిరించి మరీ పారేశాను. రెసిస్టర్ తప్పుగా ఉన్నది ఒకటి దొరికింది, సరిగ్గా 10 కిలో ఓములు. విచిత్రమేమిటంటే తీగ నిరోధంలో అది మూడో స్థానంలో ఉన్న మంచి కేబుల్. మిగిలిన పదింటికీ ఓములు రాసిన చీటీలు అంటించాను.

ఒక్కదాని విషయంలో మాత్రం మనసొప్పలేదు. రెండు మీటర్ల కేబుల్, 0.38 ఓమ్ చూపింది కాబట్టి గీత దాటినట్టే. కానీ రాగితీగ గారి లెక్కతో చూస్తే 24 గేజి తీగకే రెండు మీటర్ల పొడవులో దాదాపు 0.34 రావాలి. లోపల ఉన్నది నిఖార్సైన తీగే, పొడవే దాని నేరం. అర ఆంపియరు లాగే చదువుకునే దీపానికి పెట్టాను, అక్కడ పోయేది 0.19 వోల్టు. దాని చీటీ మీద "దీపానికి మాత్రమే" అని రాసి ఉంది.