టూ స్ట్రోక్ ఇంజన్ డిజైన్‌లో బాగుచేయడానికి ఇంకా ఏమైనా మిగిలిందా?

కాకినాడ_మెకానికల్ (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. నాది మెకానికల్ ఫైనల్ ఇయర్. పాత వంద సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ ఒకటి తీసుకుని, దాని స్కావెంజింగ్ మీద ప్రాజెక్టు చేద్దామని మా బ్యాచ్ ఆలోచన. తెలియనివాళ్ళ కోసం: కాలిన గ్యాస్‌ని బయటికి నెట్టి, కొత్త పెట్రోలు-గాలి మిశ్రమాన్ని సిలిండర్‌లో నింపడమే స్కావెంజింగ్. టూ స్ట్రోక్‌లో (పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్తే పని పూర్తయ్యే ఇంజన్) ఎగ్జాస్ట్ పోర్టు, అంటే కాలిన గ్యాస్ బయటికి పోయే సిలిండర్ గోడలోని కన్నం, తెరిచి ఉండగానే ఈ నింపుడు జరుగుతుంది కాబట్టి కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. మా గైడ్ "చచ్చిపోయిన ఇంజన్ మీద ఎందుకయ్యా, ఎలక్ట్రిక్ మీద చేసుకోండి" అంటున్నారు. మీరేమంటారు?

ఆటోనగర్_బాబాయి
తమ్ముడూ, అది చచ్చిపోలేదు, చంపేశారు. విజయవాడ ఆటోనగర్లో 31 ఏళ్ళుగా నాకు ఇదే పని. యమహా ఆర్ఎక్స్ 100 బైక్ తీసుకో. 98 సీసీకి 11 హార్స్ పవర్. అదే కాలంలో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్, 97 సీసీకి ఏడు చిల్లర. వాల్వుల్లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒక పేలుడు, ఇందులో ప్రతి చుట్టుకీ ఒకటి, డబుల్ పవర్. బాగుచేయడానికి బోలెడుంది. కంపెనీ బారెల్ (సిలిండర్ దిమ్మ) విప్పి చూడు, పోర్టుల్లో పోతపోసిన గరుకు అలాగే ఉంటుంది. అది సాపు చేస్తేనే బండి మారిపోతుంది. కుర్రాళ్ళు అడిగితే ఎగ్జాస్ట్ పోర్టు ఒక మిల్లీ పైకి లేపి ఇస్తాను, టాప్‌లో బండి ఎగిరిపోతుంది.

లూప్_స్కావెంజ్
"డబుల్ పవర్" అనకండి. మీరిచ్చిన అంకెలే చూడండి, ఏడు చిల్లరకి 11 అంటే ఒకటిన్నర రెట్లు. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకున్నాక పిస్టన్‌ని నెట్టే ఒత్తిడి ఉండదు, స్ట్రోక్‌లో కింది భాగం పోయినట్టే. పైగా పాత గ్యాస్ కొంత లోపలే మిగిలి కొత్తదాన్ని పలచన చేస్తుంది.

డిజైన్ విషయానికొస్తే, మొదట్లో పిస్టన్ నెత్తిన అడ్డుగోడ ఉండేది, మిశ్రమం నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోకుండా. బరువు, వేడి రెండూ ఎక్కువ. 1920ల్లో జర్మనీలో అడాల్ఫ్ ష్నూర్లే ఆ గోడ తీసేసి, ఎగ్జాస్ట్‌కి చెరోపక్క ట్రాన్స్‌ఫర్ పోర్టు (కొత్త మిశ్రమం లోపలికి వచ్చే కన్నం) పెట్టి, రెండు ధారల్నీ ఎదురుగోడ వైపు తిప్పాడు. అవి కలిసి గోడ ఎక్కి, హెడ్ దగ్గర మళ్ళి, పాత గ్యాస్‌ని తోసుకుంటూ దిగుతాయి, ఈ చుట్టునే లూప్ అంటారు. తర్వాత తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ సైలెన్సర్ ఆకారంతోనే ఒత్తిడి అలలు పుట్టించి, బయటికి జారిపోయిన మిశ్రమాన్ని చివరి క్షణంలో తిరిగి సిలిండర్‌లోకి నెట్టేలా చేశాడు. 1961 నాటికి ఆ 125 సీసీ రేసు బండి 25 హార్స్ పవర్ ఇచ్చింది. ఆ ఏడాదే రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీ నుంచి పారిపోయి ఆ విద్యను సుజుకీకి పట్టుకెళ్ళాడు. కాబట్టి ప్రాజెక్టు చేయండి. కానీ డబుల్ అని మాత్రం రాయకండి.

చౌరస్తా_కూతురు
మా నాన్న 1990ల్లో హైదరాబాద్ చౌరస్తాల్లో ట్రాఫిక్ డ్యూటీ చేశారు. చుట్టూ ఆటోలు, స్కూటర్లు, అన్నీ టూ స్ట్రోకే. ఇంటికొచ్చి ముక్కు చీదితే కర్చీఫ్ మీద నల్లటి జిగురు. అమ్మ ఆ కర్చీఫ్‌లు వేరే బకెట్లో నానబెట్టేది. ఎంత సబ్బు పెట్టినా నూనె వాసన పోయేది కాదు, ఆరేసినప్పుడు కూడా తీగ మీద అవి ఏవో దూరం నుంచే తెలిసేవి. రిటైర్ అయ్యాక ఆయన రెండు అంతస్తులు ఎక్కలేకపోయారు. ఒకటిన్నర రెట్లా, రెండు రెట్లా అని మీరు తేల్చుకుంటున్నారు. ఆ ఇంజన్ని బాగుచేయడం దేనికి? పోయింది, మంచిదయింది.

గోదారి_గాలి
ఆర్ఎక్స్ సౌండ్ వింటే ఇప్పటికీ తల తిరిగి చూస్తాను. అంతే నేను చెప్పేది.

షిప్_సెకండ్_ఇంజనీర్
టూ స్ట్రోక్ అనగానే పొగ అనేయకండి. నేను పనిచేసే ఓడలో మెయిన్ ఇంజన్ టూ స్ట్రోకే. వార్ట్సిలా ఆర్టీ-ఫ్లెక్స్ 96సీ అని 14 సిలిండర్ల ఇంజన్ ఉంది, లక్ష హార్స్ పవర్ పైమాటే. బోరు (సిలిండర్ వెడల్పు) 960 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ తిరిగే దూరం) రెండున్నర మీటర్లు, ఇంధనంలో సగం దాకా పనిగా మారుస్తుంది. ఇంత పొదుపు ఏ బైక్ ఇంజన్‌కీ లేదు.

లూప్_స్కావెంజ్
నిజమే, కానీ అందులో సిలిండర్‌లోకి వెళ్ళేది ఉత్త గాలి. గాలి కొంత బయటికి పోయినా నష్టం లేదు, డీజిల్ తర్వాత చిమ్ముతారు. కింద పోర్టులు, పైన ఎగ్జాస్ట్ వాల్వు, గాలి ఒకే దిక్కున పోతుంది. మన స్కూటర్‌లో పెట్రోలూ ఆయిలూ కలిసిన మిశ్రమమే క్రాంక్‌కేస్ (పిస్టన్ కింద ఉండే పెట్టె) గుండా తిరిగి వస్తుంది. గొడవంతా అక్కడే.

చౌరస్తా_కూతురు
ఓడ చౌరస్తాలో ఆగదు కదండీ.

ఆటోనగర్_బాబాయి
అమ్మా, మీ నాన్నగారి సంగతి విని బాధగా ఉంది. కానీ ఆ నల్లపొగ ఇంజన్ తప్పు కాదు. లీటరుకి 20 ఎంఎల్ ఆయిల్ చాలు అంటే, ఇంజన్ పట్టేస్తుందేమోనని డ్రైవర్లు 50 పోసేవాళ్ళు, అదీ విడిగా అమ్మే నాసిరకం. నేనెలా బాగుచేస్తానో చెప్తాను వినండి. బారెల్ కడిగి ఆరబెట్టి, లోపల తెల్లకాగితం చుట్టి అంటిస్తాను. వేలికి మసి రాసుకుని పోర్టుల అంచుల వెంట రుద్దుతాను. కాగితం తీసి బల్లమీద పరిస్తే పోర్టులన్నీ అచ్చు గుద్దినట్టు వస్తాయి. స్కేలు పెట్టి చూస్తే ఎడమ ట్రాన్స్‌ఫర్‌కీ కుడిదానికీ ఎత్తులో అర మిల్లీ తేడా ఉన్న బారెల్స్ ఎన్ని చూశానో. సన్న ఆకురాయితో రెండూ సమం చేస్తే మైలేజీ పెరుగుతుంది, పొగ తగ్గుతుంది. ఏ కంప్యూటరూ అక్కర్లేదు.

లూప్_స్కావెంజ్
ఇది నిజంగా మంచి పని బాబాయ్. ష్నూర్లే పద్ధతికి ప్రాణం ఆ సమానత్వమే. ఒక పోర్టు ముందు తెరుచుకుంటే ఆ ధార బలంగా వచ్చి రెండోదాన్ని పక్కకి తోస్తుంది, లూప్ ఒరిగిపోయి మిశ్రమం తిన్నగా ఎగ్జాస్ట్ వైపు జారుతుంది. ఆయిల్ మాట కూడా ఒప్పుకుంటాను. 1990ల చివర్లో ఢిల్లీలో విడిగా అమ్మే 2టి (టూ స్ట్రోక్) ఆయిల్ ఆపి, బంకులోనే కొలిచి కలిపి పోసే పద్ధతి పెట్టింది అందుకే.

కానీ మొదటి పోస్టులో ఎగ్జాస్ట్ పోర్టు మిల్లీ లేపుతానన్నారు. పోర్టు పైకి లేపితే ముందే తెరుచుకుంటుంది, ఆలస్యంగా మూసుకుంటుంది. టాప్ స్పీడ్‌లో సైలెన్సర్ అల తిరిగొచ్చి కాపాడుతుంది. సిటీలో, తక్కువ స్పీడ్‌లో ఆ అల సమయానికి రాదు, పెట్రోలు నేరుగా బయటికే. ఒక చేత్తో బాగుచేసింది ఇంకో చేత్తో పాడుచేస్తున్నారు.

చౌరస్తా_కూతురు
అంటే కుర్రాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని, మా నాన్న లాంటివాళ్ళ ముక్కులోకి పెట్రోలు పోసే పని చేశారన్నమాట. ఇప్పుడు డిజైన్ గురించి మాకు పాఠం చెప్తున్నారు.

ఆటోనగర్_బాబాయి
మాట జాగ్రత్తమ్మా. ఎవరి ప్రాణమూ తీయలేదు నేను. నాకూ రోజూ అదే పొగ, మీ నాన్నకి చౌరస్తాలో అయితే నాకు షెడ్డులో. నా డాక్టర్ చీటీలు నేనూ చూపించగలను.

గోదారి_గాలి
పెద్దవాళ్ళు, ఇద్దరూ కాస్త తగ్గండి.

లూప్_స్కావెంజ్
ఆకురాయితో తేలే సమస్య కాదిది, అంకెలు చూడండి. మన దేశపు పొగ నియమాల్లో 1996లో బైక్‌కి హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు), నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోమీటరుకి 3.6 గ్రాముల దాకా ఒప్పుకున్నారు. 2000లో 2, 2005లో ఒకటిన్నర, 2010లో 1. ఇప్పటి నియమం బీఎస్6లో హైడ్రోకార్బన్లకే 0.1. అక్కడికి చేరాలంటే ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాక పెట్రోలు చిమ్మాలి, అంటే డైరెక్ట్ ఇంజెక్షన్. ఆస్ట్రేలియా ఆర్బిటల్ కంపెనీ టెక్నాలజీతో బజాజ్ 2007లో అలాంటి ఆటోనే తెచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పాత ట్రైసికిళ్ళకి ఎన్విరోఫిట్ సంస్థ ఇంజెక్షన్ కిట్లు బిగించింది. కేటీఎం 2018 మోడల్ ఎండ్యూరో (కొండదారి పోటీ) బండ్లలో ట్రాన్స్‌ఫర్ పోర్టులోకి ఇంజెక్టర్ పెట్టింది. దారి ఉంది.

ఆటోనగర్_బాబాయి
అదే, ఇంజెక్టర్! మీరందరూ చివరికి అక్కడికే వస్తారని తెలుసు. నా దగ్గరికి ఒక ఫోర్ స్ట్రోక్ ఇంజెక్షన్ బండి వచ్చింది. పేరు చెప్పను. సెన్సర్ ఒకటి పోయింది, లైటు వెలుగుతోంది. ఏ సెన్సరో చూడ్డానికి వాళ్ళ స్కానర్ కావాలి. షోరూమ్‌కి వెళ్ళి డబ్బులిస్తాను అమ్మండి అంటే బయటివాళ్ళకి ఇవ్వం అన్నారు. 31 ఏళ్ళ పనివాణ్ణి, బండి నెట్టుకుంటూ పోయి గేటు దగ్గర అప్పజెప్పి వచ్చాను. నా షెడ్డులో ఒకప్పుడు ఆరుగురం. ఇప్పుడు నేనూ ఒక కుర్రాడూ. టూ స్ట్రోక్ గొప్పదని నేను అనేది పవర్ కోసం కాదు. అది నా పానాలతో విప్పగలను, నా చేత్తో మళ్ళీ కట్టగలను. మీరు బాగుచేస్తామనే ఇంజన్‌లో నాకు చోటు లేదు.

చౌరస్తా_కూతురు
బాబాయ్ గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత మాట అనేదాన్ని కాదు. అన్నందుకు క్షమించండి. కానీ నా మాట మారదు. మీ పని నిలబడాలి, దానికి రోడ్డు మీద నిలబడేవాడు ఊపిరి ఇవ్వకూడదు. స్కానర్ ఇవ్వనిది కంపెనీ. ఆ కోపం వాళ్ళ మీద చూపించండి, పాత ఇంజన్ మీద ప్రేమగా కాదు.

ఆటోనగర్_బాబాయి
పర్లేదమ్మా. కోపం చూపించడానికి వాళ్ళెక్కడ దొరుకుతారు.

గట్టుమీద_రైతు
మీరంతా రోడ్డు గురించే మాట్లాడుతున్నారు. టూ స్ట్రోక్ పోయిందని ఎవరన్నారు? నా భుజానికి రోజూ వేలాడుతోంది. గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్. సైలెన్సర్ నా నడుము పక్కనే, గాలి ఎదురైతే పొగంతా మొహానికే. రెండు గంటలు కోస్తే తలపోటు, అన్నం సయించదు. దీన్ని బాగుచేయడం గురించి ఎవరైనా చెప్పండి.

లూప్_స్కావెంజ్
ఇది నాకు తట్టాల్సింది. దానికి దారి ఇంజెక్టర్ లేకుండానే ఉంది. స్ట్రాటిఫైడ్ స్కావెంజింగ్ అంటారు. హస్క్‌వర్నా ఎక్స్-టార్క్, స్టిల్ 2-మిక్స్ ఇలాంటివే. ట్రాన్స్‌ఫర్ దారుల పైభాగంలో ముందుగా ఉత్త గాలి నింపి ఉంచుతారు. పోర్టు తెరుచుకోగానే ఆ గాలి ముందు దూకి పాత గ్యాస్‌ని తోస్తుంది, వెనక మిశ్రమం వస్తుంది. బయటికి జారిపోయేది ఎక్కువగా గాలే.

ఆటోనగర్_బాబాయి
అలాంటిది ఒకటి విప్పాను. పిస్టన్ రెండు పక్కలా జేబుల్లా చెక్కి ఉన్నాయి, కార్బొరేటర్‌లో రెండు దారులు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసింది, గాలి పోవడానికన్నమాట. ఇది నేను కట్టగలను. ట్యూనింగ్ మాత్రం కొంచెం మొండిది, స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ అయితే స్టార్ట్ అవదు.

రైతుగారూ, మీ మిషన్ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 ఎంఎల్, 50:1 అని ఉంటే 20. మూతతో కాదు, సిరంజితో కొలవండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, సైలెన్సర్‌లో కార్బన్. ఆ కార్బన్ పాత హ్యాక్‌సా బ్లేడు ముక్కతో మెల్లగా గీకండి, పిస్టన్‌కి తగలనివ్వొద్దు.

కాకినాడ_మెకానికల్
అందరికీ థ్యాంక్స్. బైక్ వదిలేసి బ్రష్ కట్టర్ ఇంజన్ తీసుకుంటాం. బారెల్ కొలతలు బాబాయ్ చెప్పిన కాగితం పద్ధతిలోనే తీస్తాం. గైడ్‌కి సోమవారం చెప్తాను.

చౌరస్తా_కూతురు
పొగ కొలిచేటప్పుడు ఫుల్ త్రాటిల్‌లోనే కాదు, ఐడిల్‌లో కూడా కొలవండి. ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉండి, మనిషి పక్కనే నిలబడి ఉండే సమయం చాలా ఉంటుంది. ఆ అంకె ఎంత వచ్చినా ఇక్కడ పెట్టండి.

ఆటోనగర్_బాబాయి
తమ్ముడూ, నా దగ్గర బ్రష్ కట్టర్ బారెల్స్ రెండు స్క్రాప్‌లో ఉన్నాయి. ఒకటి గీసుకుపోయింది, రెండోది బాగానే ఉంది. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది, శనివారం రా.