మా చీరల వెబ్‌సైట్ ఫారం నుంచి ఎవరికో మెయిళ్లు పోతున్నాయి, ఎట్లా ఆపాలి?

నారాయణపేట మగ్గం:
అందరికీ నమస్తే. మాది నారాయణపేట. నాన్న, బాబాయి చీరలు నేస్తారు. సైట్ పని నేను చూస్తాను, డిగ్రీ చదువుతున్న అమ్మాయిని. పుణె, సోలాపూర్ వాళ్లు ఫారంలో పేరు, ఈమెయిల్, విషయం రాసి పంపితే మాకు మెయిల్ వస్తుంది. ఈమధ్య "మీ మెయిల్ చేరలేదు" అంటూ తిరిగొచ్చిన మెయిళ్లతో ఇన్‌బాక్స్ నిండిపోతోంది. అవన్నీ లోన్లు, లాటరీల గురించి. ఒక్కటీ మేము పంపింది కాదు. పాస్‌వర్డ్ మార్చినా ఆగలేదు. హోస్టింగ్ వాళ్లు మా మెయిల్ ఆపేశారు. దసరా ఆర్డర్లు వచ్చే టైమ్, ఇంట్లో అందరికీ టెన్షన్. కోడ్ పీహెచ్‌పీలో (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) ఉంది. ఫారంలో రాసిన ఈమెయిల్‌నే "ఫ్రమ్"లో పెడుతోంది.
ఇంకొకటి, పాత కస్టమర్ల ఈమెయిళ్లు ఐదారు వందలు ఉన్నాయి. కొత్త డిజైన్లు అందరికీ ఒకేసారి పంపొచ్చా?

పాలమూరు వెబ్ పని:
చెల్లె, పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. మీ ఫారమే వాళ్లకు దారి ఇస్తోంది. ఇక్కడ మహబూబ్‌నగర్‌లో షాపుల సైట్లు చేస్తుంటాను, పాత ఫారాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.
మెయిల్ పైభాగంలో ఎవరి నుంచి, ఎవరికి, విషయం ఏమిటి అనేవి ఒక్కో లైనులో ఉంటాయి. వీటినే హెడర్లు అంటారు. ఈమెయిల్ గడిలో అడ్రస్ తర్వాత ఒక లైన్ బ్రేక్ పెట్టి, కింద "బీసీసీ" (మిగతావాళ్లకు కనిపించకుండా కాపీ పంపే లైను) అని వందమంది అడ్రస్‌లు రాస్తే సర్వర్ అది కూడా హెడరే అనుకుంటుంది. ఆ గడిలో ఎంటర్ కొడితే కొత్త లైను రాదు కదా అనొచ్చు. కానీ బాట్, అంటే స్పామ్ పంపే ప్రోగ్రామ్, మీ పేజీ తెరవదు, సర్వర్‌కే నేరుగా డేటా పంపుతుంది. అందుకే బ్రౌజర్‌లో పెట్టిన చెకింగ్ ఏదీ దాన్ని ఆపదు.
పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ "టు", "సబ్జెక్ట్"లలో లైన్ బ్రేక్‌లను తనే తీసేస్తుంది. ఆ ఫంక్షన్‌కు నాలుగో విలువగా (పారామీటర్) ఇచ్చే హెడర్లలో మాత్రం ఆ కాపలా లేదు. మీ "ఫ్రమ్" వెళ్లేది అక్కడికే.
కాబట్టి "ఫ్రమ్"లో ఎప్పుడూ మీ డొమైన్ (సైట్ పేరు) అడ్రస్సే ఉంచండి. కస్టమర్ ఈమెయిల్‌ను సర్వర్‌లో సరిచూశాకే "రిప్లై టు"లో (జవాబు వెళ్లే అడ్రస్) పెట్టండి. ఏ గడిలోనైనా, సందేశం తప్ప, లైన్ బ్రేక్ కనిపిస్తే పంపకుండా ఆపేయండి. "టు" అడ్రస్ కోడ్‌లోనే ఉండాలి, ఫారంలో దాచిన గడి నుంచి రాకూడదు.
పీహెచ్‌పీమెయిలర్ అనే రెడీమేడ్ కోడ్ వాడితే ఈ పని చాలావరకు అదే చూసుకుంటుంది. కొత్త వెర్షనే వేసుకోండి, 2016 డిసెంబర్‌లో దాంట్లోనే పెద్ద లోపం బయటపడింది.

నల్లగొండ సర్వర్:
అన్న చెప్పింది కరెక్ట్. ఒక డౌట్: ఫారం నింపినవాళ్లకు "థాంక్యూ" మెయిల్ ఏమైనా వెళ్తుందా?

నారాయణపేట మగ్గం:
వెళ్తుంది అన్నా. పేరు, వాళ్లు రాసిన సందేశం కూడా అందులో వస్తాయి.

నల్లగొండ సర్వర్:
అయితే అది రెండో దారి. ఈమెయిల్ గడిలో ఎవరి అడ్రస్ అయినా పెట్టి, పేరు గడిలో లాటరీ లింకు రాస్తే చాలు, మీ సైటే ఆ ప్రకటనను మోసుకెళ్తుంది. లైన్ బ్రేక్ ఆపినా ఇది ఆగదు. ఆ మెయిల్ తీసేయండి. "మీ సందేశం అందింది" అని పేజీ మీదే చూపిస్తే సరిపోతుంది.

పాలమూరు వెబ్ పని:
ఇది నేను అడగాల్సింది, మంచిగా పట్టుకున్నారు.
ఇక పాత కస్టమర్ల సంగతి. చీర కొన్నారు కాబట్టి మెయిళ్లకు ఒప్పుకున్నట్టు కాదు. ముందు ఫారంలో "కొత్త డిజైన్లు పంపమంటారా" అని టిక్ గడి పెట్టండి, ముందే టిక్ వేసి ఉంచొద్దు. టిక్ చేసినవాళ్లకు ఒక లింకు పంపి, అది నొక్కినవాళ్లనే లిస్టులో చేర్చండి. అందరి అడ్రస్‌లూ "టు"లో పెట్టి మాత్రం పంపకండి, ఒకరి అడ్రస్ అందరికీ తెలిసిపోతుంది. మామూలు జీమెయిల్ నుంచి బీసీసీ పెట్టినా రోజుకు 500 మందే హద్దు. లిస్టులు పంపే సర్వీసు ఒకటి తీసుకోండి.
డొమైన్‌లో ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద మీ డొమైన్ సంతకం లాంటిది), డీమార్క్ (ఆ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో చెప్పేది) రికార్డులు పెట్టండి. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. సర్వీసు చేరినప్పుడు రెండోది రాయకుండా ఉన్నదాంట్లోనే కలపండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ తప్పనిసరి చేసింది. రోజుకు 5,000 దాటితే మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో లిస్టు నుంచి బయటపడే వీలూ ఇవ్వాలి. మీకు అంత లేకపోయినా ఆ వీలు ఇవ్వండి. వద్దనుకున్నవాళ్లకు దారి దొరక్కపోతే స్పామ్ అని కొడతారు. అలా డొమైన్ పేరు చెడితే పుణె కస్టమర్‌కు మీరు రేటు చెప్తూ రాసిన జవాబు కూడా స్పామ్‌లోనే పడుతుంది. నాన్న నేసిన చీర అలా ఆగిపోకూడదనే ఇంత రాస్తున్నా.

నారాయణపేట మగ్గం:
థాంక్యూ మెయిల్ తీసేశాను. "ఫ్రమ్" మార్చాను. మెయిల్ మళ్లీ తెరవమని హోస్టింగ్ వాళ్లను అడగనా?

నల్లగొండ సర్వర్:
తెరిచే ముందు క్యూలో ఆగి ఉన్న మెయిళ్లన్నీ తుడిచేయమనండి. లేకపోతే తెరవగానే ఆ లాటరీలన్నీ మళ్లీ బయలుదేరతాయి.