జ్వరం తగ్గాక ఛాతీ నొప్పి: ఈసీజీ బాగుంటే గుండెకి ఏమీ లేనట్టేనా?

ప్రశ్న:
వైరల్ జ్వరం తగ్గిన వారం పది రోజులకి ఛాతీ నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, ఊరికే కూర్చున్నా దడ. ఈసీజీ నార్మల్. మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు, లేదని అనుకోవచ్చా? ఇంకా ఏ పరీక్షలు చేయించాలి? పరుగు, జిమ్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

జవాబు 1:
అలా అనుకోకూడదండీ. ఈసీజీ మామూలుగా ఉండి కూడా వాపు ఉండొచ్చు. ముందు రక్తంలో ట్రోపోనిన్ చూడాలి. గుండె కండర కణాలు దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి వస్తుంది. కొన్ని గంటలు ఆగి మళ్లీ చూస్తే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. దాంతోపాటు సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే రక్త పరీక్ష), ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్). ఎకోలో పంపింగ్ 60 శాతం, అంటే మామూలుగానే ఉందని కూడా పూర్తిగా నిశ్చింత పడలేం, వాపు చిన్న మేరలో ఉంటే అందులో దొరక్కపోవచ్చు.

అనుమానం తీరకపోతే కార్డియాక్ ఎంఆర్ఐ. కండరంలో నీరు చేరిందా, మచ్చ పడిందా అన్నది అందులో కనిపిస్తుంది. గుండెపోటు మచ్చ కండరం లోపలి అంచు నుంచి మొదలై బయటికి పాకుతుంది. వైరల్ వాపు మచ్చ ఎక్కువగా బయటి అంచున గానీ మధ్యలో గానీ పడుతుంది. వయసు మీరినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు అయితే ముందు రక్తనాళాల్లో అడ్డు లేదని తేల్చుకోవాలి.

జవాబు 2:
నొప్పి తీరు కూడా గమనించండి. వెల్లకిలా పడుకున్నా, గట్టిగా ఊపిరి పీల్చినా పొడిచినట్టుండి, ముందుకు వంగి కూర్చుంటే తెరిపిస్తే అది గుండె పైపొర వాపు కావచ్చు. దానికి ఐబుప్రొఫెన్, కోల్చిసిన్ ఇస్తారు. కానీ కండరం వాచి పంపింగ్ తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ చేటు చేస్తుంది: ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి గుండె మీద భారం పెరుగుతుంది. దయచేసి పాత చీటీ చూసి వాడొద్దు.

పసిపిల్లలు నొప్పి చెప్పలేరు. పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పడం, చెమటలు, వాంతులు కనిపిస్తాయి. జ్వరం దిగినా నాడి, ఊపిరి వేగం తగ్గకపోతే అదే రోజు డాక్టరుకి చూపించాలి.

జవాబు 3:
వ్యాయామం సంగతి. మయోకార్డైటిస్ అని ఖాయమైతే సాధారణంగా 3 నుంచి 6 నెలలు పరుగు, బరువులు, ఆటలు పూర్తిగా బంద్. వాచిన కండరంలో కరెంటు దారి తప్పుతుంది, శ్రమ పడేకొద్దీ లయ చెడి ఉన్నట్టుండి కుప్పకూలే ప్రమాదం ఉంది. ఒంట్లో ఓపిక వచ్చిందని మొదలుపెట్టేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ట్రోపోనిన్, ఎకో మామూలుకి రావాలి, 24 గంటల హోల్టర్‌లో (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం), ట్రెడ్‌మిల్ పరీక్షలో లయ తప్పకూడదు. అప్పుడు నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

ఈలోగా స్పృహ తప్పినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, చేతులు కాళ్లు చల్లబడినా ఓపీ టోకెన్ కోసం ఆగొద్దు. నేరుగా ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కొందరిలో ఇది గంటల్లోనే ముదురుతుంది.