ఆర్టీపీపీ లాంటి బాయిలర్ రైలింజన్‌కి ఎందుకు పెట్టలేదు?

గుంతకల్లు_జంక్షన్:
అందరికీ నమస్తే. ముద్దనూరు దగ్గర మన ఆర్టీపీపీ (థర్మల్ కరెంటు ప్లాంటు) బాయిలర్‌లో గొట్టాల్లో నీళ్ళు, బయట మంట. స్టీమ్ ఇంజన్‌లో తలకిందులు, గొట్టాల్లో వేడి పొగ పోతాది, చుట్టూ నీళ్ళుంటాయి. 1829 నాటి రాకెట్ అనే రైలింజన్ నుంచి మన ఇండియన్ రైల్వే డబ్ల్యూపీ స్టీమ్ ఇంజన్ దాకా ఇదే పద్ధతి. ప్లాంట్లలో అంత బాగా నడిచేదాన్ని పట్టాల మీద ఎవురూ ట్రై చేయలేదా అన్నా?

పట్టాల_పిచ్చి:
చేయకేం బ్రో, గట్టిగానే చేసినారు. ఇంగ్లండ్‌లో గ్రెస్లీ అనే రైల్వే ఇంజినీరు 1929లో 10000 నంబర్ ఇంజన్‌కి ఓడల బాయిలర్లు చేసే యారో కంపెనీతో వాటర్ ట్యూబ్ బాయిలర్ (నువ్వు చెప్పిన గొట్టాల్లో నీళ్ళ రకం) పెట్టించినాడు, ప్రెషర్ 450 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), మన డబ్ల్యూపీది 210 మాత్రమే. గుట్టుగా కట్టినందుకు హష్ హష్ అని పేరు పడింది. రిపేర్లు తట్టుకోలేక 1937లో మామూలు బాయిలర్ వేసేసినారు, అట్లనే 1959 దాకా తిరిగింది. ఫ్యూరీ అని ఇంకొక ఇంజన్ ఉండె, 900 పీఎస్ఐది, 1930లో ట్రయల్ రన్‌లో కార్‌స్టేర్స్ దగ్గర గొట్టం పగిలి ఒకాయన చనిపోయినాడు. పాపం.

కడప_బాయిలర్:
తంటా అంతా నీళ్ళతోనే సార్. ప్లాంట్‌లో ఉప్పు తీసేసిన డీఎమ్ వాటర్ వాడతారు, టర్బైన్ తిప్పిన ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి మళ్ళీ బాయిలర్‌కే వస్తాది, కొత్తగా కలిపేది కొంచెమే. రైలింజన్‌లో ఆవిరి పిస్టన్‌ను తోసి చిమ్నీలో పోవాల, ఆ ఊపుతోనే మంటకి గాలి లాగేది, కాబట్టి దాన్ని పట్టుకుని వాడుకునేది కష్టం, దారిలో ఏ స్టేషన్‌లో ఏ నీళ్ళు దొరికితే అవే పోసుకోవాల. అనంతపురం బోరు నీళ్ళకి గీజర్ కాయిల్ ఎట్లయితాదో చూసినారు కదా, సన్న గొట్టం లోపల అట్లా స్కేల్ (ఉప్పు పెచ్చు) పడితే నీళ్ళు లోహాన్ని చల్లార్చలేవు, గొట్టం ఎర్రగా కాలి ఉబ్బి పగులుతాది. మామూలు ఇంజన్‌లోనూ స్కేల్ పడుతాది గానీ గొట్టం బయటివైపు, షెడ్డులో ప్లగ్గులు ఊడదీసి నీళ్ళు కొట్టి కడుగుతారు. ఫ్యూరీ డిజైన్‌లో దీనికి మందు ఉండాది, మంట తగిలే గొట్టాల్లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే తిప్పి, ఆ వేడితో వేరే డ్రమ్ములో నీళ్ళు కాగబెట్టినారు. నాకు చాలా ఇష్టమైన ఆలోచన అది. కానీ ఒకే ఇంజన్‌లో 3 రకాల ప్రెషర్లు, రోజూ షెడ్డులో ఎవురు చూసుకుంటారు చెప్పండి?

గుంతకల్లు_జంక్షన్:
థ్యాంక్స్ సార్, చిమ్నీ సంగతి ఇప్పుడు బాగా అర్థమయింది. ఇట్లాంటివి ఒక్కటన్నా మిగిలి ఉండాదా చూసేదానికి?

పట్టాల_పిచ్చి:
అమెరికాలో ఉండాది. బాల్డ్విన్ కంపెనీ 60000 నంబర్ ఇంజన్, 1926ది, ఫైర్‌బాక్స్ (మంట మండే పెట్టె) వరకు వాటర్ ట్యూబ్, 350 పీఎస్ఐ. ఫిలడెల్ఫియా ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లోపలే పెట్టినారు, అక్కడ మనవాళ్ళు ఎవురైనా ఉంటే ఫైర్‌బాక్స్ వైపు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి ప్లీజ్.